రబ్బరు రెండో కొస

మా బావ ఉద్యోగం లారీలు తూచడం. గోదాముల పక్కనున్న కాటాలో పనిచేసేవాడు. కాటా అంటే కూరల కొట్లో ఉండేది కాదు. లారీ లారీ అంతా ఎక్కి నిలబడేంత ఇనుప పలక, దాని పక్కన గాజు కిటికీల గది, ఆ గదిలో మా బావ. లారీ ఎక్కితే గది అదిరేది గానీ బావ అదిరేవాడు కాదు. ఆయన కూడా ఇంచుమించు లారీయే. ఒకసారి పనివాళ్లు సరదాకి ఆయన్నొక్కణ్నే ఆ పలక మీద నిలబెడితే, ముల్లు ముందుకు కదిలి, ఇక వెనక్కి రానని మొరాయించిందని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎవరంటే, ఎక్కువగా నేనే.

అందరూ ఆయన్ని ‘టన్ను గారు’ అనేవాళ్లు. మొహం మీద అన్నా ఏమీ అనుకునేవాడు కాదు.

ఇంతటి మనిషి ఇంటికొచ్చి, చేతులు శుభ్రంగా కడుక్కుని, కళ్లద్దాలు ముక్కు చివరికి దింపుకుని చేసే పని విమానాలు కట్టడం. బజారులో దొరికే బొమ్మ విమానాలు అనుకునేరు. రెక్క చూస్తే మూరెడు పైనే ఉంటుంది. బరువు చూడబోతే, తూకంలో రెండో పక్కన కోటు గుండీ ఒకటి వేస్తే గుండీ వైపే మొగ్గుతుంది. దూదంత తేలికగా ఉండే బల్సా కర్రని అగ్గిపుల్ల కంటే సన్నంగా చెక్కిన పుల్లలు దాని ఎముకలు. వాటి మీద చర్మం ఎలా వస్తుందో చూడాలని నాకు మొదటినుంచీ మహా కుతూహలం. మా అక్క బట్టలు నానబెట్టే తొట్టిలో నీళ్లు నింపి, బావ ఏదో ద్రావకం చెంచాడు వొంపేవాడు. అది నీటి మీద పరుచుకుని, క్షణంలో గట్టిపడి, సబ్బు బుడగ మీద తిరిగే రంగులన్నీ చూపించేది. దాన్ని తీగ చట్రంతో నీళ్లలోంచి పైకి లేపేవాడు. పుల్లలకి ఉమ్మి రాసి, ఆ పొర మీద పెడితే అంటుకుపోయేది. అదీ రెక్క. పక్కనుంచి చూస్తే కనబడదు. వెలుతురుకి ఎదురుగా పెడితే ఊదా, పచ్చ, గులాబీ.

“జిగురు వాడొచ్చుగా బావా, ఉమ్మెందుకు?” అని అడిగాను.

“జిగురు బరువోయ్” అన్నాడు.

ఆ విమానాన్ని నడిపేది రబ్బరు. సన్నటి రబ్బరు పట్టీని ఉంగరంలా ముడేసి, ఆముదం రాసి, బాగా సాగదీసి, మెలికలు తిప్పుతారు. ఆ మెలికలు విప్పుకుంటూ రబ్బరు ముందున్న ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. ఎన్ని చుట్లు ఎక్కువ పడితే విమానం అంత ఎక్కువసేపు గాలిలో ఉంటుంది. ఇలాంటి విమానాలు కట్టేవాళ్లందరూ ఏడాదికోసారి పెద్ద హాల్లో చేరి, ఎవరి విమానం ఎక్కువసేపు తేలుతుందో చూసుకుంటారు. బయట కుదరదు. బయట చిన్నగాలి వీచినా అంతే సంగతులు. నా మాట నమ్మండి, ఒకసారి హాల్లో ఎవరో ఆవులిస్తే విమానం దారి మార్చుకుని ఆ నోటి వైపు వెళ్లింది.

గాలి అంటే పడని ఈ వ్యవహారమే మా అక్క కాపురానికి చిక్కు తెచ్చింది.

అక్క వాళ్ల ముందుగది కప్పుకి ఫ్యాను కోసం కొక్కెం ఉంది. ఆ కొక్కేనికి ఫ్యాను లేదు. దాన్ని విప్పి, గుడ్డ చుట్టి, అటక మీద పడేశాడు బావ. కొక్కేనికి దారాలు కట్టి విమానాలు వేలాడదీశాడు. వాటి కింద బల్ల, బల్ల మీద పుల్లలు, పొరలు. కిటికీలు మూత. తలుపు ఓరగా తెరిచి, ఒంటిని పక్కకి తిప్పుకుని లోపలికి రావాలి. ఎండాకాలంలో అక్కని చూడ్డానికి స్నేహితురాళ్లు వస్తే, చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లు. ఒకావిడ పాపం పేపరు మడిచి విసురుకోబోయింది. బావ లోపల్నించి పరుగున వచ్చి, రెండు చేతులతో ఆ పేపరు పట్టుకుని, ఎంతో మర్యాదగా, “వద్దమ్మా. కావాలంటే చదువుకోండి” అన్నాడు. ఆవిడ మళ్లీ రాలేదు. ఇంకొకావిడ గుమ్మంలోనే నిలబడి, “తలుపులన్నీ మూసున్నాయి, ఎవరికైనా ఒంట్లో బాలేదా?” అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయింది. రానురాను ఎవరూ రావడం మానేశారు. అక్క ఒక్కతే వంటగది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది.

“ఆ విమానం ముక్కుకి ఫ్యాను పెట్టారు కదా. నాకు పెట్టడానికేం వచ్చింది?” అనేది.

“అది ఫ్యాను కాదు, ప్రొపెల్లర్.”

“తిరుగుతుందా లేదా?”

బావ కళ్లద్దాలు తీసి తుడుచుకునేవాడు.

అయినా సాయంత్రం కాగానే రబ్బరు పరీక్షకి పిలిస్తే అక్క వచ్చేది. రబ్బరు చుట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు ఒక కొస వేళ్ల మధ్య పట్టుకుని నిలబడాలి. రెండోవాళ్లు ఇంకో కొసని చేతి మరకి తగిలించి, దూరంగా లాగి, పిడి తిప్పుతూ, కొంచెం కొంచెంగా దగ్గరికి రావాలి. అక్క ఆ చివర గోడకి ఆనుకుని, వేరే వైపు చూస్తూ పట్టుకునేది. బావ ఈ చివర పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకునేవాడు. రబ్బరు ముడులు పడి, ముడుల మీద ముడులు పడి, గట్టిపడే సమయానికి అక్క, “చాలు లెండి. పొయ్యి మీద పాలున్నాయి” అనేది. లేదా, “చాలు, కుళాయి వదిలేసి వచ్చాను” అనేది.

బావకి ఒళ్లు మండేది. “ఇంకొన్ని పట్టేవి. ఎప్పుడూ ఇంతే. నడి మధ్యలో నీకు పాలు గుర్తొస్తాయి.”

“పొంగితే తుడిచేది నేనే కదా” అని కొస ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయేది.

ఇంట్లో ఇలా ఉంటే, హాల్లో కథ వేరు. అక్కడ రబ్బరు కొస పట్టుకునేది నేను. ఇంట్లో అన్నేసి చుట్లు హాయిగా పట్టిన రబ్బరే అక్కడికి వెళ్లగానే టప్పున తెగిపోయేది. తెగుతుందేమోనన్న భయంతో బావ ముందే ఆపితే, విమానం అర్ధాకలితో లేచి, అందరికంటే ముందు కిందికి దిగేది. ఏటా ఇదే తంతు. అదే రబ్బరు, అదే ఆముదం, అదే మర. మరి ఇంట్లో తెగనిది హాల్లో ఎందుకు తెగుతుంది? ఈ ప్రశ్న బావని ఎంత తొలిచిందో నన్నూ అంత తొలిచింది. హాలు నేల చల్లదనమని ఒక ఏడు అనుకున్నాం. రబ్బరు డబ్బాని బావ పొట్టకి కట్టుకుని తీసుకెళ్లాడు. ఆ పొట్ట మీద వేడికి కొదవ లేదు, అయినా తెగింది. బస్సు కుదుపులని ఒక ఏడు అనుకుని నడిచి వెళ్లాం. తెగింది. మా కాన్వెంటులో లెక్కల సిస్టరు ఒకావిడ ఉండేది. జవాబు రాకపోతే లెక్కలోనే ఉంటుంది వెతకమని, వేళ్ల మీద స్కేలుతో ఒకటిచ్చేది. ఆ మాట బావకి చెప్పాను గానీ, ఎక్కడ వెతకాలో ఇద్దరికీ తెలియలేదు.

బావకి పోటీ ఒక ప్లంబరు. నిలబెట్టిన గొట్టంలా సన్నటి మనిషి. ఏటా గెలుపు కప్పు ఆయనదే. “టన్ను గారూ, ఈసారి రబ్బరే తెచ్చారా, పొరపాటున దారం తెచ్చారా?” అని పలకరించేవాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, బావకి ఓడినందుకు కంటే ఆ పలకరింపుకి ఎక్కువ బాధగా ఉండేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. ఒకరోజు అక్క నిచ్చెన వేసుకుని అటక ఎక్కి, ఫ్యాను కిందికి దించి, సరిగ్గా ముందుగది గుమ్మంలో పెట్టి, దాని పక్కన కూర్చుంది. బావ డ్యూటీ నుంచి వచ్చేసరికి దారి లేదు.

“నాకూ ఒక గది కావాలి. మనుషులొచ్చి కూర్చునే గది” అంది.

“పోటీ దగ్గరపడింది. ఇప్పుడు విప్పమంటే ఎలా?”

“పోటీ అవనివ్వండి. ఈసారి మీరు గెలిస్తే ఆ గది మీదే, ఫ్యాను మాట నేను మళ్లీ ఎత్తను. ఓడిపోతే మర్నాడే కొక్కేనికి ఫ్యాను ఎక్కాలి. తమ్ముడే సాక్షి.”

నేను అప్పుడే ఏదో పనున్నట్టు చెప్పులు వెతుక్కుంటున్నాను. దొరికిపోయాను.

బావ తలెత్తి కొక్కెం వైపు చూశాడు. ఇంకో గది ఉంది గానీ అది పడకా బీరువా పోగా మనిషి తిరగడానికే చాలదు. ఆ ముందుగది పోతే విమానాలూ పోయినట్టే. “సరే” అన్నాడు, నోట్లో ఏదో చేదు ఉన్నట్టు.

పోటీకి ముందురోజు నా చూపుడు వేలు తలుపు సందులో పడి, సొరకాయంత వాచింది. మొసలి కరిచిందని అడిగినవాళ్లందరికీ చెప్పాను. కొందరు ఏ నదిలో అని కూడా అడిగారు. బావ మాత్రం కట్టు చూసి, నా ఆరోగ్యం అడక్కుండా, “మరి రబ్బరెవరు పట్టుకుంటారు?” అన్నాడు.

మేమిద్దరం వంటగది వైపు చూశాం.

“నేనా? ఆయన ఓడిపోతే నాకు ఫ్యాను వస్తుంది. అలాంటిదాని చేతికి కొస ఇస్తారా ఎవరైనా?” అంది అక్క.

“వేరే గతి లేదు” అన్నాడు బావ.

“పిలిచే పద్ధతా అది?” అంది గానీ వచ్చింది.

హాలు పెద్ద ఆటల హాలు. కప్పు కింద ఇనుప దూలాలు. వచ్చినవాళ్లందరూ బూట్లు విప్పి మేజోళ్లతో నడుస్తున్నారు. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కారు. కిటికీలకి తెరలు. గోడకున్న ఫ్యాన్ల స్విచ్చుల మీద కాగితం అంటించి, ముట్టుకోవద్దని రాశారు. అది చూసి అక్క నా చెవిలో, “ఒరేయ్ తమ్ముడూ, ఇది ఈయన పుట్టిల్లురా” అంది. ఆ తర్వాత నోరు తెరిచి కప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. పైన ఎవరిదో విమానం తేలుతోంది. చప్పుడు లేదు. ప్రొపెల్లర్ రెక్కలు లెక్కపెట్టగలిగేంత నింపాదిగా తిరుగుతున్నాయి. ఇన్నేళ్లూ దారానికి వేలాడే వాటిని చూసిందే గానీ, ఎగిరేదాన్ని ఆమె చూడటం అదే మొదలు.

“దానంతట అదే తిరుగుతోందేంరా, ఎవరో దారి చెప్పినట్టు?”

“తోక కొంచెం వంచి పెడతారు అక్కా.”

“అలాగా” అని, మెడ నొప్పి పుట్టేదాకా తల దించలేదు.

ప్లంబరు విమానం అప్పటికే ఎగిరి దిగింది. ఆ రోజుకి అదే మొదటి స్థానం. సమయం చూసేది పాత డ్రిల్లు మాస్టారు ఒకాయన. మెడలో రెండు గడియారాలు వేసుకుని, పలక మీద సుద్దతో అంకె రాసి, బావని పిలిచాడు. బావ దగ్గర మంచి రబ్బర్లు రెండే ఉన్నాయి.

అక్క కొస పట్టుకుని నిలబడింది. బావ మర తగిలించి, సాగదీసి, తిప్పడం మొదలెట్టాడు. మర చప్పుడొక్కటే. బావ దగ్గరికి వస్తున్నాడు. రబ్బరు ముడులు పడి గట్టిపడింది.

“చాలు” అంది అక్క.

బావ చెయ్యి ఆగింది. అక్క మొహంలోకి చూశాడు. ఆ చూపేమిటో నాకు అర్థమైంది. ఇక్కడ పాలు లేవు, కుళాయి లేదు. మరి చాలంటోందంటే? ఫ్యాను. తక్కువ చుట్లు పడితే విమానం తొందరగా దిగుతుంది.

“పొయ్యి మీద ఏముందిక్కడ?” అన్నాడు మెల్లగా.

“చాలన్నానా?”

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని, బావ ఇంకా తిప్పాడు.

టప్.

తెగిన రబ్బరు అక్క వేళ్ల మీద చెళ్లున కొట్టింది. ఆవిడ వేళ్లు నోట్లో పెట్టుకుంది. అటునుంచి ప్లంబరు, “దారమే తెచ్చారన్నమాట” అన్నాడు, తన మేజోళ్లకి చెబుతున్నట్టు.

బావ తెగిన ముక్కలు ఏరుకుని, అక్క ముందుకొచ్చి నిలబడ్డాడు. పెద్ద మనిషి చిన్నబోతే ఇంకా పెద్దగా కనబడతాడు.

“తెగుతుందని నీకెలా తెలుసు?”

“వేళ్లలో జివ్వుమంటుంది. తెగబోయే ముందు రబ్బరు వణుకుతుంది. చెయ్యి పాడవుతుందని నాకు భయం. అందుకే చాలంటాను.”

“ఇంట్లో పాలు, కుళాయి అంటావు కదా?”

“భయమంటే మీరు నవ్వుతారు. పాలంటే ఆపుతారు.”

బావ నా వైపు తిరిగాడు. “నీకెప్పుడైనా జివ్వుమందా?”

“నేను తెగకూడదని పళ్లు బిగించి, పిడికిలి బిగించి పట్టుకునేవాణ్ని. చెయ్యంతా తిమ్మిరే. జివ్వుమన్నది ఎక్కడ తెలుస్తుంది?”

ఇంట్లో తెగనిది హాల్లో ఎందుకు తెగుతుందో అలా తేలింది. లెక్క తప్పలేదు, చల్లదనం లేదు; ఒక్కో రబ్బరు ఒక్కో చోట తెగుతుంది, అది లెక్కకి కాదు, చేతికే తెలుస్తుంది. ఇంట్లో ఆపేవాళ్లు ఉన్నారు, హాల్లో లేరు. సిస్టరు గారి స్కేలు దెబ్బ అన్నేళ్లకి మళ్లీ నా వేలికి తగిలినట్టయింది.

బావ మొహం మాత్రం ఓడిపోబోతున్నవాడి మొహంలా లేదు. గోడ అవతల చప్పుడు విని చెవి ఆనించిన పిల్లాడిలా ఉంది. రెండో రబ్బరు డబ్బాలోంచి తీశాడు. ఒక కొస తన వేళ్ల మధ్య పట్టుకుని, మర తీసి అక్క చేతిలో పెట్టాడు.

“నువ్వు తిప్పు. నేను పట్టుకుంటాను.”

“నాకు రాదండీ. ఉన్నదొక్కటే. పోతే?”

“పోతే నీకు ఫ్యాను. తిప్పు.”

“వేళ్లు వదులుగా పట్టుకోండి. పీక పిసికినట్టు పట్టుకోకండి.”

అక్క వెనక్కి నడిచింది. రబ్బరు సాగింది. పిడి తిప్పడం మొదలెట్టింది, పిండి విసిరినంత నిదానంగా. బావ కళ్లు మూసుకున్నాడు. కొంచెం కొంచెం దగ్గరికొచ్చింది. ముడులు పడ్డాయి. ముడుల మీద ముడులు పడ్డాయి.

“ఏమైనా తెలుస్తోందా?”

“లేదు.”

ఇంకో నాలుగు తిప్పింది. “ఇప్పుడు?”

“లేదు... ఉండు. ఏదో ఉంది. చీమ నడిచినట్టు.”

“చీమ కాదు. ఇంకా ఉంది.” తిప్పింది.

బావ కనుబొమలు పైకి లేచాయి. నోరు కొద్దిగా తెరుచుకుంది. “ఓహో” అన్నాడు. “ఓహోహో.”

“ఓహో ఏంటండీ, ఆపమంటారా వద్దా?”

“ఆపు. చాలు. చాలు చాలు.”

చుట్టిన రబ్బరుని ఆ లావు వేళ్లతోనే విమానానికి తగిలించాడు. విమానాన్ని విసరరు, గాలిలో పెట్టి చెయ్యి తీసేస్తారు, అంతే. బావ చెయ్యి తీశాడు. అది అక్కడే ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, ముందుకు సాగింది. గుండ్రంగా తిరుగుతూ లేచింది. మా తలల మీదికి, తెరల మీదికి, దూలాల దాకా. అక్కడ దీపం వెలుగు పడి ఊదా, పచ్చ, గులాబీ. మరుక్షణం ఏమీ లేదు. ఉందా పోయిందా అని వెతుక్కునేసరికి మళ్లీ ఊదా. అది దూలానికి తగులుతుందేమో అనుకున్నాను. తగల్లేదు. అక్కడే తిరిగింది, తిరిగింది. ఆ తిరగడంలో నాకు ఆకలి వేసి, తీరి, మళ్లీ వేసిందంటే మీరు నమ్మరు. మానేయండి.

తర్వాత దిగడం మొదలెట్టింది. ప్లంబరు అంకె ఇంకా దాటలేదు. మాస్టారు గడియారాల వంక, విమానం వంక మార్చి మార్చి చూస్తున్నాడు. తలెత్తు దాకా వచ్చింది. నడుమెత్తుకు వచ్చింది. అది సరాసరి బావ పొట్ట వైపే వస్తోంది. బావ ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కున్నాడు. అంత పొట్ట అంత లోపలికి ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలీదు. విమానం ఆ సందులోంచి మలుపు తిరిగి, అక్క పాదాల దగ్గర నేలని తాకింది.

మాస్టారు పలక మీద పాత అంకె చెరిపి, కొత్త అంకె రాశాడు.

ప్లంబరు వచ్చి చూసుకున్నాడు. “రబ్బరే తెచ్చారండీ” అని బావ చెయ్యి పట్టుకుని ఊపాడు. తర్వాత అక్కకేసి తిరిగి, “పై ఏడు నాకు పట్టుకుంటారా అమ్మా?” అన్నాడు.

“మీ ఇంట్లో ఫ్యానుందా?” అంది అక్క.

తిరుగు బస్సులో విమానం పెట్టె బావ ఒళ్లో, గెలిచిన కప్పు నా ఒళ్లో ఉన్నాయి. అక్క కిటికీ తెరిచి గాలికి కూర్చుంది. బావ ఉండబట్టలేక, “నీ ఫ్యాను నువ్వే పోగొట్టుకున్నావు” అన్నాడు.

“ఎలాగ?”

“గెలిస్తే గది నాది అన్నావుగా.”

“మీరు గెలిస్తే అన్నాను. ఇవాళ రబ్బరు చుట్టిందెవరు?”

“చాలన్నది నేను.”

“మీరు కొస పట్టుకున్నారండీ, అంతే. ఇంట్లో ఇన్నేళ్లూ నేను పట్టుకున్నాను. ఏనాడైనా ఇది మా ఆవిడ రబ్బరని ఎవరికైనా చెప్పారా? కొస పట్టుకున్నవాళ్లకి గెలుపులో వాటా ఉంటే పాత బాకీ తీర్చండి. లేదంటారా, ఇవాళ గెలిచింది నేను. ఓడింది మీరు. తమ్ముడే సాక్షి.”

నేను కప్పులోకి తొంగిచూస్తూ ఉండిపోయాను. కప్పులో ఏమీ లేదు.

బావ పెట్టెని ఒళ్లో సర్దుకున్నాడు. బస్సు దిగి, పెట్టెని నాలుగడుగులు మోసి, “నిచ్చెన ఇంకా అటక కిందే ఉందా?” అని అడిగాడు.

మర్నాడు కొక్కేనికి ఫ్యాను ఎక్కింది. విమానాలు పడగ్గదిలోకి వెళ్లాయి. అక్క తన బీరువా పై రెండు అరలు ఖాళీ చేసి ఇచ్చింది. ముందుగదిలో ఇప్పుడు నలుగురూ కూర్చుంటున్నారు. పేపరు మడిచి విసురుకున్నావిడ కూడా వచ్చింది. ఫ్యాను కిందే కూర్చుని, అలవాటు కొద్దీ, పేపరు మాత్రం ముట్టుకోలేదు.

మొన్న ఎండలో పడి నేను వెళ్లేసరికి ముందుగదిలో ఎవరూ లేరు. లోపలి గదిలోంచి మాటలు వినిపించాయి.

“ఇవాళ కొస నాది. నిన్న మీరు పట్టుకున్నారు.”

“నిన్న తొందరగా చాలన్నానని నువ్వే అన్నావు. ఇంకొక్కసారి పట్టుకోనీ. చీమ నడిచాక ఇంకేదో వస్తుంది, అదేమిటో చూస్తాను.”

“చూసేది నేను కూడా కదా.”

ఫ్యాను వేసుకుందామని స్విచ్చు మీద చెయ్యి వేశాను. పడగ్గది తలుపు తెరిచే ఉంది.

“ఒరేయ్ తమ్ముడూ, ఆగు” అని అక్క కేక వినిపించింది. “రెక్క ఆరుతోంది.”

నేను విసురుకుందామని పేపరు కోసం చూశాను. తర్వాత ఎందుకొచ్చిన గొడవని దాన్ని చదువుకుంటూ కూర్చున్నాను.